ఇంటి నుంచి రాత పని: ఎక్కడ వెతకాలి, ఎంత అడగాలి

ప్రశ్న: నేను వనస్థలిపురంలో ఉంటాను. బీ ఫార్మసీ చదివి, ఒక మందుల కంపెనీ డాక్యుమెంటేషన్ విభాగంలో ఆరేళ్లు పనిచేశాను. పాప పుట్టాక ఉద్యోగం మానేశాను. ఇప్పుడు పాప బడికి వెళుతోంది కాబట్టి రోజుకు నాలుగు గంటల తీరిక దొరుకుతోంది. తెలుగు బాగా రాస్తానని చిన్నప్పటి నుంచి పేరుంది. ఫ్రీలాన్స్ రాత పని కోసం రెండు అంతర్జాతీయ వెబ్‌సైట్లలో పేరు నమోదు చేసుకుని, నెలల తరబడి ప్రపోజల్స్ పంపుతున్నా ఎవరూ పలకడం లేదు. ఒకరు మాత్రం పదానికి 20 పైసలు ఇస్తామన్నారు. ఈ మధ్య ఒక సంస్థ నుంచి ఫోన్ వచ్చింది. పుస్తకాల పేజీలు టైప్ చేసి ఇస్తే నెలకు ముప్పై వేలు ఇస్తారట, శుక్రవారం లోపు 2,400 రూపాయలు డిపాజిట్ కట్టాలట. కట్టమంటారా? అమీర్‌పేటలో ఒక కంటెంట్ రైటింగ్ కోర్సు ఉంది, చేరమంటారా? తెలుగులో రాసేవాళ్లకు ఆన్‌లైన్‌లో నిజంగా పని ఉందా? ఉంటే ఎంత అడగాలి? డబ్బు మా వారి ఖాతాలో వేయించుకోవచ్చా? నేను పంపుతున్న ప్రపోజల్ కాపీ జత చేస్తున్నాను.
ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: డిపాజిట్ సంగతి ముందుగా చెప్పాలి, ఎందుకంటే మిగతా ప్రశ్నల గురించి నిదానంగా ఆలోచించుకునే వ్యవధి మీకుంది, దీనికి లేదు. ఆ 2,400 రూపాయలు కట్టకండి. ఈ తరహా టైపింగ్ పనుల తంతు ఎక్కడైనా దాదాపు ఒకే విధంగా సాగుతుంది. మొదట ఒక ఒప్పంద పత్రాన్ని మెయిల్‌లో పంపి ఆన్‌లైన్‌లోనే సంతకం చేయించుకుంటారు. ఆ తర్వాత సరిగా కనిపించని స్కాన్ పేజీలు వందల కొద్దీ పంపి, వారం పది రోజుల్లో 90 శాతానికి మించిన ఖచ్చితత్వంతో టైప్ చేసి ఇవ్వాలంటారు. రాత్రింబవళ్లు కూర్చుని పూర్తి చేసినా, తప్పులు పరిమితికి మించాయన్న నివేదిక మాత్రం తప్పకుండా వస్తుంది. అంతటితో ఆగితే డిపాజిట్‌తో పోయిందనుకోవచ్చు. కానీ మీరు ఒప్పందాన్ని ఉల్లంఘించారు కాబట్టి నష్టపరిహారం కట్టాలని, లేకుంటే కేసు వేస్తామని వకీలు పేరుతో నోటీసు పంపి, ఫోన్లో బెదిరించి, మరికొన్ని వేలు గుంజడమే వారి అసలు వ్యాపారం. మీరు ఇప్పటికే ఆధార్ కాపీ గానీ సంతకం చేసిన కాగితం గానీ పంపి ఉంటే భయపడవలసింది లేదు. ఇకపై ఏమీ పంపకుండా, వచ్చిన మెసేజ్‌లన్నీ భద్రపరచుకుని, డబ్బు కూడా పోయి ఉంటే వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేసి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. డబ్బు పోయిన తొలి గంటల్లో చేసిన ఫిర్యాదుకే, అవతలి ఖాతాలో ఆ మొత్తాన్ని నిలిపివేయించే అవకాశం ఎక్కువ.

పని ఇచ్చేవాడు పని చేసేవారి దగ్గర డబ్బు అడగడం ఎక్కడా లేదు. మీరు పేరు నమోదు చేసుకున్న పెద్ద వెబ్‌సైట్ల సంగతి కొంచెం వేరు: అప్‌వర్క్‌లో ప్రపోజల్ పంపడానికి కనెక్ట్స్ అనే టోకెన్లు ఖర్చవుతాయి, అవి అయిపోతే కొనుక్కోవాలి; ఫైవర్ అయితే మీకు వచ్చే ప్రతి మొత్తంలోనూ 20 శాతం తన వాటాగా తీసుకుంటుంది. అది వెబ్‌సైట్ వసూలు చేసే రుసుము, దాని లెక్క బహిరంగంగా ఉంటుంది. అలా కాకుండా రిజిస్ట్రేషన్, సెక్యూరిటీ, సాఫ్ట్‌వేర్ లైసెన్స్, శిక్షణ అని ఏ పేరు పెట్టినా, క్లయింటే మిమ్మల్ని డబ్బు అడిగితే సంభాషణ అక్కడితో ముగించండి. అలాగే డబ్బు మీ ఖాతాలోకి రావడానికి యూపీఐ పిన్ కొట్టమన్నా, ఇవ్వవలసిన దానికంటే ఎక్కువ మొత్తానికి చెక్కు పంపించి మిగిలింది తిరిగి పంపమన్నా, అది మోసమే. ఆ చెక్కు కొన్నాళ్లకు చెల్లకుండా తిరిగి వస్తుంది, మీరు పంపిన సొమ్ము మాత్రం తిరిగి రాదు.

కోర్సు కూడా వద్దు. ఆ సంస్థ మంచిదా కాదా అన్న ప్రశ్న కాదిది. అలాంటి కోర్సుల్లో నేర్పేది ఎక్కువగా ఆంగ్ల బ్లాగు వ్యాసాలను గూగుల్ వెతుకులాటలో పైకి తేవడం. మీకున్న విద్యకు దానితో సంబంధం తక్కువ. పైగా చౌక బ్లాగు వ్యాసాల పని 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చినప్పటి నుంచి బాగా పడిపోయింది.

ఇక మీ ప్రపోజల్. దాన్ని ఒకటికి రెండుసార్లు చదివాను. తెలుగు, ఆంగ్ల భాషల్లో ఏ విషయం మీదనైనా రాయగలనని, కంటెంట్ రైటింగ్, అనువాదం, డేటా ఎంట్రీ, టైపింగ్ అన్నీ చేస్తానని, కష్టపడే స్వభావం కలదానినని, ఒక్క అవకాశం ఇప్పించమని అందులో రాశారు. మీకు పని ఎందుకు రావడం లేదో ఆ కాగితమే చెబుతోంది. బీ ఫార్మసీ అన్న మాట అందులో ఎక్కడా లేదు, ఆరేళ్ల డాక్యుమెంటేషన్ అనుభవం ప్రస్తావనే లేదు! పని ఇచ్చేవారికి ఒక్క ప్రకటనకు పదుల సంఖ్యలో ప్రపోజల్స్ వస్తాయి. తెరమీద ఒక్కోదానిలో మొదటి రెండు వాక్యాలే కనిపిస్తాయి. ఆ రెండు వాక్యాల్లో అందరూ తాము కష్టజీవులమనే రాస్తారు. అన్నీ చేస్తానన్న వ్యక్తిని చివరికి ధర తప్ప మరేదీ చూసి ఎంచుకోలేరు, కాబట్టే మీకు వచ్చిన ఏకైక జవాబు 20 పైసల జవాబు అయింది. ఉద్యోగం మానేశాను కాబట్టి ఆ చదువూ అనుభవమూ ఇక పనికిరావని, రాత అనేది వేరే కొత్త జీవితమని మీరు అనుకున్నట్టున్నారు. మీ విషయంలో సరిగ్గా ఆ రెండూ కలిసిన చోటే పని ఉంది.

ఆ చోటు ఎక్కడో చెబుతాను. మన దేశంలో కొత్త మందును మనుషుల మీద పరీక్షించేటప్పుడు, అందులో చేరేవారికి ఆ పరీక్ష ఏమిటో, దాని వల్ల కలిగే ఇబ్బందులేమిటో వారికి అర్థమయ్యే భాషలో, సాంకేతిక పదాల గందరగోళం లేకుండా రాతపూర్వకంగా చెప్పి సమ్మతి తీసుకోవాలని 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు చెబుతున్నాయి. చదవడం రానివారైతే, సంబంధం లేని ఒక సాక్షి సమక్షంలో చదివి వినిపించాలి. అంటే హైదరాబాద్‌లోని నిమ్స్‌లోనో, విజయవాడ, గుంటూరు, విశాఖపట్నం ఆసుపత్రుల్లోనో జరిగే ప్రతి ట్రయల్‌కూ తెలుగు సమ్మతి పత్రం కావాలి. ఆ పత్రం, ట్రయల్‌లో చేరేవారి హక్కులు, క్షేమం చూసే ఆసుపత్రి ఎథిక్స్ కమిటీ ముందుకు వెళుతుంది. అనువాదం సరిగా ఉందో లేదో తేల్చుకోవడానికి, మూలం చూడని మరో అనువాదకుడితో తెలుగు నుంచి తిరిగి ఆంగ్లంలోకి చేయిస్తారు. దీన్ని బ్యాక్ ట్రాన్స్‌లేషన్ అంటారు. ట్రయల్ మధ్యలో ప్రోటోకాల్, అంటే దాన్ని ఎలా నడపాలో చెప్పే ప్రణాళిక, మారితే పత్రమూ మారుతుంది, మళ్లీ అనువాదం కావాలి. దీనికి తోడు రోగులు ఇంటి దగ్గర నింపే డైరీలు, నొప్పి తీవ్రతను అడిగే ప్రశ్నావళులు, మందుల వాడకం కరపత్రాలు, ఆసుపత్రుల డిశ్చార్జి సూచనలు, ఆరోగ్య బీమా పత్రాలు ఉంటాయి. శామీర్‌పేట దగ్గరి జీనోమ్ వ్యాలీ నుంచి జీడిమెట్ల, పాశమైలారం దాకా మందుల పరిశ్రమ విస్తరించి ఉన్న ఊళ్లో కూర్చుని, మీరు అమెరికాలో ఎవరికో బ్లాగు రాసి పెడతానని అడుగుతున్నారు.

ఈ పనిలో తెలుగు బాగా రావడమంటే ఏమిటో ఒక ఉదాహరణతో చూపించాలి, ఎందుకంటే తెలుగులో పేరున్నవారు తరచు తడబడేది ఇక్కడే. సమ్మతి పత్రాల్లో దాదాపు ప్రతిసారీ ఒక వాక్యం ఉంటుంది. దాన్ని కొందరు ఇలా రాస్తారు: "ఈ అధ్యయనమునందు మీ భాగస్వామ్యము స్వచ్ఛందమైనది మరియు మీరు ఏ సమయమునందైనను ఎటువంటి ప్రతికూల పర్యవసానములు లేకుండా ఉపసంహరించుకొనవచ్చును." ఇందులో వ్యాకరణ దోషం లేదు. కానీ నల్లగొండ నుంచి బస్సెక్కి వచ్చి ఓపీ వరుసలో నిలబడిన మనిషికి ఇది చదివి వినిపిస్తే ఏం అర్థమవుతుంది? అదే మాటను ఇలా రాయవచ్చు: "ఈ పరిశోధనలో చేరాలా వద్దా అన్నది పూర్తిగా మీ ఇష్టం. చేరిన తర్వాత కూడా ఎప్పుడైనా మానుకోవచ్చు. మానుకున్నందువల్ల ఈ ఆసుపత్రిలో మీకు అందే వైద్యం ఆగదు." మూడు చిన్న వాక్యాలయ్యాయి, ఏ సమాచారమూ జారిపోలేదు. మూడో వాక్యం రాయాలంటే ఆ పర్యవసానం ఏమిటో, రోగి దేనికి భయపడతాడో తెలిసి ఉండాలి, అది మీకు తెలుసు. మందు మోతాదు సూచనల్లోనూ ఇదే సంగతి. "రోజుకు రెండు పర్యాయములు" అని వదిలేస్తే మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి వేసుకునేవారు ఉంటారు. పన్నెండు గంటల తేడా ముఖ్యమైన మందైతే పొద్దున ఎనిమిదికి, రాత్రి ఎనిమిదికి అని రాసే వీలుందేమో క్లయింట్‌ను అడగాలి. ఆ ప్రశ్న అడగగలిగిన అనువాదకురాలిని ఎవరూ వదులుకోరు.

కాబట్టి వచ్చే రెండు మూడు వారాలు ప్రపోజల్స్ పంపడం ఆపి, మూడు నమూనాలు తయారు చేసుకోండి. ఒకటి సమ్మతి పత్రంలోని రెండు పేజీలు, ఒకటి మందు కరపత్రం, మూడోది మీరే సొంతంగా రాసిన ఆరోగ్య వ్యాసం, మధుమేహ రోగులు ఇన్సులిన్ ఎలా నిల్వ చేసుకోవాలి వంటి విషయం మీద. మొదటి రెండింటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ అందరికీ అందుబాటులో ఉంచిన నమూనా పత్రాలు ఉన్నాయి, వాటిని తీసుకోండి. మీ పాత కంపెనీ పత్రాలను మాత్రం పేర్లు చెరిపేసి కూడా వాడకండి. మీరు ఉద్యోగంలో చేరినప్పుడు సంతకం చేసిన గోప్యత నిబంధన మానేశాక కూడా వర్తించవచ్చు, అంతకంటే ముఖ్యంగా, ఒకరి రహస్యాన్ని నమూనాగా చూపించినవారిని కొత్త క్లయింట్ నమ్మడు. ఆంగ్లం ఎడమ పక్క, తెలుగు కుడి పక్క వచ్చేలా పట్టిక కట్టి పీడీఎఫ్ చేయండి. చూసేవారికి తెలుగు రాకపోయినా, పనిలోని క్రమం కంటికి కనిపిస్తుంది.

ఎవరికి పంపాలన్న దానికి మీకు తెలిసే ఉండవలసిన ఒక తోవ ఉంది. భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ, సీటీఆర్ఐ, 2007లో మొదలైంది. 2009 జూన్ నుంచి దేశంలో మందుల ట్రయల్స్ అన్నీ అందులో నమోదు కావడం తప్పనిసరి అయింది. దాన్ని ఎవరైనా ఉచితంగా వెతకవచ్చు. ఏ మందు, ఏ కంపెనీ స్పాన్సర్, ట్రయల్‌ను నడిపే పరిశోధనా సంస్థ ఏది, ఏయే ఊళ్లలో ఏయే ఆసుపత్రుల్లో జరుగుతోంది, ఎవరిని సంప్రదించాలి అన్నవన్నీ అక్కడే ఉంటాయి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఆసుపత్రులు జాబితాలో ఉన్న కొత్త ట్రయల్స్ వెతికి, వాటిని నడిపే సంస్థల పేర్లు ఒక కాగితం మీద రాసుకుంటూ పోతే, ఒకే సంస్థలు పదే పదే కనిపిస్తాయి. మీరు ఉత్తరం రాయవలసింది వారి క్లినికల్ ఆపరేషన్స్ విభాగానికి. వారిలో చాలామంది నేరుగా అనువాదకులతో కాక ఏజెన్సీలతో పని చేయించుకుంటారు. అప్పుడు మర్యాదగా ఆ ఏజెన్సీ పేరు అడిగితే సరిపోతుంది. వైద్య అనువాదాలు చేసే ఏజెన్సీలు అన్ని పెద్ద నగరాల్లోనూ ఉన్నాయి, దాదాపు అందరూ తమ వెబ్‌సైట్‌లోనే అనువాదకుల దరఖాస్తు ఫారం పెడతారు. 1999 నుంచి నడుస్తున్న ప్రోజ్ అనే అనువాదకుల వెబ్‌సైట్‌లో ఆంగ్లం నుంచి తెలుగు, ప్రత్యేకత ఫార్మా అని ప్రొఫైల్ పెట్టండి. అక్కడ బ్లూ బోర్డు అనే చోట, ఏ ఏజెన్సీ డబ్బు సకాలంలో ఇస్తుందో పని చేసినవారే మార్కులు వేసి ఉంటారు. ఏ ఏజెన్సీకైనా సరే అని చెప్పే ముందు అది చూడటం అలవాటు చేసుకోండి. లింక్డ్‌ఇన్‌లో మాత్రం మీ పేరు కింద కనిపించే ఆ ఒక్క పంక్తిలో "ఫార్మసిస్టు, ఆంగ్లం నుంచి తెలుగుకు వైద్య అనువాదకురాలు" అన్న అర్థం వచ్చేలా ఆంగ్లంలో రాయండి. "ఫ్రీలాన్సర్" అని మాత్రమే పెడితే ఎవరి వెతుకులాటలోనూ మీరు కనిపించరు.

ఉత్తరం పొడవుగా ఉండకూడదు. మీరు ఫార్మసీ పట్టభద్రురాలని, మందుల కంపెనీలో ఆరేళ్లు డాక్యుమెంటేషన్ చూశారని, తెలుగు మాతృభాష అని మొదటి వాక్యంలోనే రావాలి. ఫలానా ట్రయల్ తెలుగు ప్రాంతాల్లోని ఇన్ని ఆసుపత్రుల్లో జరుగుతున్నట్టు రిజిస్ట్రీలో చూశానని రెండో వాక్యం. నమూనాలు జత చేశానని, రోజుకు ఎన్ని పదాలు చేయగలరో, ధర ఎంతో మూడో వాక్యం. ఒక్క అవకాశం ఇప్పించండి అన్న మాట ఎక్కడా వద్దు, మీరు దానం అడగడం లేదు. పది రోజులకు ఒకసారి గుర్తు చేయండి, రెండోసారి కూడా పలకకపోతే వదిలేసి ముందుకు వెళ్లండి. బయోడేటా పంపేటప్పుడు ఇంటి చిరునామా, పుట్టిన తేదీ, ఆధార్, పాన్ నంబర్లు తీసేసి, పీడీఎఫ్ రూపంలోనే పంపండి. అనువాదకుల బయోడేటాలు దొంగిలించి, మెయిల్ చిరునామా మాత్రం మార్చి, ఆ పేరు మీద పని సంపాదించుకునే ముఠాలు ఉన్నాయి.

ఏజెన్సీ మిమ్మల్ని పరీక్షించడానికి రెండు మూడు వందల పదాలు ఉచితంగా చేసి చూపించమంటే అది ఈ వృత్తిలో మామూలే. వెయ్యి పదాలు, రెండు వేల పదాలు పరీక్ష పేరుతో ఇస్తే, ఒకే పత్రాన్ని ముక్కలు చేసి పదిమంది చేత ఉచితంగా చేయించుకుంటున్నారేమో అని అనుమానించాలి. అంత పరిమాణానికి సగం ధరైనా అడగండి. అవతలివారు జవాబివ్వకపోతే మీకు జవాబు దొరికినట్టే.

పనిముట్ల విషయం త్వరగా చెబుతాను. మీ ఉత్తరం ఫోనులో మాట్లాడి రాయించినట్టు కనిపిస్తోంది. అక్షరాలు విడిపోయిన చోట్లు అలాగే మిగిలాయి. వృత్తికి అది చాలదు. కంప్యూటర్ మీద యూనికోడ్ తెలుగును, అంటే ఏ కంప్యూటర్‌లోనైనా సరిగా కనిపించే తెలుగును, ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరికతో టైప్ చేయడం నేర్చుకోండి, రోజుకు అరగంట చొప్పున నెల రోజులు పడుతుంది. డీటీపీ సెంటర్లలో వాడే అను ఫాంట్లు అచ్చు పనికి ఇప్పటికీ నడుస్తున్నాయి గానీ, వాటిలో చేసిన ఫైలు ఏజెన్సీల సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకోగానే అర్థం లేని గుర్తులుగా మారుతుంది. ఏజెన్సీలు ట్రేడోస్, మెమోక్యూ వంటి అనువాద సాఫ్ట్‌వేర్లు అడుగుతాయి. వాటిని ఇప్పుడే కొననవసరం లేదు. ఒమేగాటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పద్ధతి అలవాటు చేసుకుంటే మిగతావి సులువుగా వస్తాయి. అవన్నీ చేసేది ఒకటే: మీరు ఒకసారి అనువదించిన వాక్యాన్ని గుర్తుంచుకుని, అలాంటి వాక్యం మళ్లీ వచ్చినప్పుడు ముందు పెడతాయి.

ఎంత అడగాలన్నది మీ గంటల నుంచి లెక్క కట్టుకోవాలి. ఊరికే ఉదాహరణకు, మీకు నెలకు 25,000 రూపాయలు రావాలనుకుందాం. రోజుకు నాలుగు గంటలు, నెలకు ఇరవై రోజులు అంటే 80 గంటలు. అందులో ఉత్తరాలు రాయడం, పరీక్షలు చేయడం, బిల్లులు పంపడం, పాపకు జ్వరం వచ్చిన రోజులు పోగా, అసలు అనువాదానికి 50 గంటలు మిగిలితే గొప్ప. వైద్య పాఠాన్ని పరిభాష సరిచూసుకుని, మళ్లీ ఒకసారి చదివి దిద్దుకుని ఇవ్వాలంటే గంటకు 250 పదాలు దాటించడం కష్టం. అంటే నెలకు 12,500 పదాలు, పదానికి రెండు రూపాయలు. మీకు వచ్చిన 20 పైసల ధరకు ఇదే వేగంతో చేస్తే గంటకు యాభై రూపాయలు పడుతుంది. కొత్తవారు కదా అని దేశీయ ఏజెన్సీలు మీరు అడిగిన దానికంటే తక్కువ చెప్పవచ్చు, మొదటి రెండు మూడు పనులకు కొంత తగ్గినా ఫరవాలేదు. అయితే తగ్గించినది మొదటి పని వరకే అని మెయిల్‌లో రాసి ఉంచండి, ఎందుకంటే ఒకసారి ఒప్పుకున్న ధరను ఏజెన్సీ చేత పెంచించడం కంటే కొత్త ఏజెన్సీని వెతుక్కోవడం తేలిక.

ధర ఒప్పుకునేటప్పుడు పదాలు ఏ భాషలో లెక్కిస్తారో తప్పక అడగండి. తెలుగులో విభక్తులు మాటకు అతుక్కుని వస్తాయి కాబట్టి, ఆంగ్లంలో మూడు నాలుగు మాటలు పట్టేది మన దగ్గర "ఆసుపత్రిలోనే" అన్న ఒక్క మాటతో ముగుస్తుంది. వెయ్యి పదాల ఆంగ్ల పాఠం తెలుగులో సాధారణంగా ఏడు వందలకు అటూ ఇటూ తేలుతుంది. ఒకే ధర చెప్పి, తెలుగు పదాలను లెక్కిస్తే మీ కూలిలో దాదాపు మూడో వంతు చూస్తుండగానే పోతుంది. మూల పాఠంలోని పదాల లెక్క మీదనే ధర చెప్పండి. పని మొదలుపెట్టక ముందే మొత్తం ఎంతో ఇద్దరికీ తెలిసిపోవడం ఇందులో మరో సౌకర్యం. పాత అనువాదంతో కలిసే వాక్యాలకు ఏజెన్సీలు తగ్గింపు అడుగుతాయి. పూర్తిగా కలిసిన వాటికి ఒప్పుకోవచ్చు గానీ, ఉచితంగా మాత్రం వద్దు. వాటిని కూడా చదివి సరిచూడవలసింది మీరే.

ఒప్పుకున్నదంతా రాతలో ఉండాలి. పెద్ద ఒప్పందం అక్కర్లేదు. పదాల సంఖ్య, ధర, గడువు, ఎన్నిసార్లు దిద్ది ఇస్తారు, డబ్బు ఎన్ని రోజుల్లో వస్తుంది అన్నవి ఒక మెయిల్‌లో రాసి, అవతలివారు సరేనని జవాబిస్తే చాలు. కొత్త క్లయింట్ అయితే, ముఖ్యంగా ఏజెన్సీ కాక విడి వ్యక్తి అయితే, సగం అడ్వాన్స్ తీసుకోండి. డబ్బు ఆలస్యమయ్యే సమస్యకు ఒక ముందు జాగ్రత్త ఉంది, రాసేవాళ్లలో చాలామందికి అది తెలియదు. ఉద్యమ్ పోర్టల్‌లో ఆధార్, పాన్‌తో సూక్ష్మ సంస్థగా మీ ఒక్కరి పేరు మీదే నమోదు చేసుకోవచ్చు. ప్రభుత్వ పోర్టల్‌లో అది పూర్తిగా ఉచితం, డబ్బు అడిగే నకిలీ సైట్లు వేరే ఉన్నాయి. అలా నమోదైనవారికి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల) చట్టం ప్రకారం 45 రోజులకు మించకుండా డబ్బు చెల్లించాలి, ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ పడుతుంది. ఫిర్యాదు చేయడానికి ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్ ఉంది. అంత దూరం వెళ్లేవారు తక్కువే, కానీ బిల్లు మీద ఉద్యమ్ నంబరు కనిపిస్తే అకౌంట్స్ విభాగం దాన్ని తొందరగా కదిలిస్తుంది. పని మొదలుపెట్టే ముందే నమోదు చేసుకోండి.

వైద్య పత్రాలు తప్ప తెలుగులో మరే పనీ లేదని కాదు. యూట్యూబ్ ఛానళ్లకు స్క్రిప్టులు, ఓటీటీ సంస్థలకు సబ్‌టైటిల్స్, ఆడియో యాప్‌లకు ధారావాహికలు, ప్రచురణకర్తలకు ప్రూఫ్ రీడింగ్, అన్నింటికీ ఈ ఊళ్లో గిరాకీ ఉంది. ఆరోగ్య ఛానళ్లకు వైద్యులు చెప్పే స్క్రిప్టులు రాయడం మీకు సహజంగా అతికే రెండో పని. కథల వైపు వెళితే మాత్రం హక్కుల నిబంధన చదవకుండా సంతకం పెట్టకండి. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, మీరు ఉద్యోగిగా కాక సొంతంగా రాసిన దానికి తొలి హక్కుదారు మీరే. ఆ హక్కు ఇంకొకరికి పోవాలంటే రాతపూర్వకంగా బదిలీ చేయాలి. ఎన్నేళ్లకో రాయకపోతే ఐదేళ్లకే అని, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే అని చట్టం అర్థం చేసుకుంటుంది. అందుకే ఆడియో సంస్థల ఒప్పందాల్లో శాశ్వతంగా, ప్రపంచమంతటికీ అని స్పష్టంగా రాసి ఉంటుంది. అనువాద పత్రాల్లో ఇది అంతగా పట్టించుకోనవసరం లేదు, వాటి హక్కులు క్లయింట్‌కే అని ఒప్పందంలో రాసుకోవడం మామూలే.

యంత్ర అనువాదం వచ్చాక ఈ పని ఎన్నాళ్లుంటుందని మీరు అడగలేదు గానీ, అడగవలసిన ప్రశ్నే. యంత్రం చేసిన అనువాదాన్ని దిద్దే పనిని ఏజెన్సీలు ఇప్పుడు ఎక్కువగా ఇస్తున్నాయి, దానికి ధర తక్కువ చెబుతున్నాయి. యంత్రం తెలుగు సాఫీగా ఉన్నట్టే కనిపించి, "మానవద్దు" అనవలసిన చోట "మానవచ్చు" అంటే పట్టుకోవడానికి కొత్తగా చేసినంత శ్రద్ధే కావాలి. అందుకని అలాంటి పనికి పదాల లెక్క కాక గంటల లెక్క అడగడం మేలు. యంత్రాలకు తెలుగు నేర్పే సంస్థలు జవాబులను బేరీజు వేసే పని కూడా ఇస్తున్నాయి. అది ఖాళీ నెలల్లో ఆసరాగా ఉంటుంది, దాని మీదే ఆధారపడటానికి వీలు కాదు, చెప్పకుండా మొదలై చెప్పకుండా ఆగిపోతుంది. ఒక్క హెచ్చరిక: క్లయింట్ పంపిన సమ్మతి పత్రాన్ని, ఎంత తొందరలో ఉన్నా, ఉచిత అనువాద సైట్లలోనూ చాట్‌బాట్‌లలోనూ పెట్టకండి. మీరు సంతకం చేసిన గోప్యత ఒప్పందానికి అది విరుద్ధం, తెలిస్తే ఆ ఏజెన్సీ తలుపు మళ్లీ తెరుచుకోదు.

చివరి ప్రశ్న, డబ్బు మీ వారి ఖాతాలో వేయించుకోవడం. వద్దు. ఇది ఇంటి విషయంలో నేను తలదూర్చడం కాదు, లెక్కల విషయం. పని చేసినవారి పేరు, పాన్, బ్యాంకు ఖాతా మూడూ ఒకటి కాకపోతే చాలా సంస్థలు చెల్లింపు నిలిపేస్తాయి. ఒక సంస్థ ఏడాదిలో మీకు ఇచ్చే వృత్తి రుసుము 50,000 రూపాయలు దాటితే 10 శాతం టీడీఎస్, అంటే చెల్లించేటప్పుడే పట్టుకునే ఆదాయపు పన్ను, మినహాయించి మీ పాన్ మీద జమ చేస్తుంది, పాన్ ఇవ్వకపోతే 20 శాతం పోతుంది. మీ మొత్తం ఆదాయం మీద పన్ను పడకపోతే రిటర్న్ దాఖలు చేసి ఆ సొమ్ము తిరిగి తెచ్చుకోవచ్చు, కానీ అది మీ పాన్‌లో ఉంటేనే మీకు వస్తుంది. సేవల ఆదాయం ఏడాదికి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ గురించి ఆలోచించనక్కర్లేదు. మొదట్లో మీ పేరున ఉన్న మామూలు సేవింగ్స్ ఖాతా సరిపోతుంది. బిల్లు మీద వరుస సంఖ్య, తేదీ, ఏజెన్సీ ఇచ్చిన పర్చేజ్ ఆర్డర్ నంబరు, పదాల సంఖ్య, ధర, పాన్, ఉద్యమ్ నంబరు, ఖాతా వివరాలు, ఐఎఫ్ఎస్‌సీ కోడ్ ఉండాలి. ఆ బిల్లును అనువాదం పంపిన రోజే పంపండి. చాలా ఏజెన్సీలు గడువును బిల్లు అందిన నెల చివరి నుంచి లెక్కిస్తాయి కాబట్టి, నెలాఖరు పనికి ఒకటో తారీఖున బిల్లు పెడితే డబ్బు మరో నెల వెనక్కి పోతుంది.